నిర్మల గృహానికి ప్రథమ బహుమతి

స్థలాల కేటాయింపు కార్యాలయంలో పనికిరాని సామాను అనేది లేదనీ, ఇకమీదట ఉండరాదనీ, ఒకవేళ ఉన్నా కనపడరాదనీ డైరెక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వులో వంక పెట్టడానికేమీ లేదు. అందరికీ తెలియాలి కదా అని మనిషికొకటి, గోడకొకటి, తలుపుకొకటి, ఎందుకైనా మంచిదని ఇంకొన్ని నకళ్లు తీయించారు. ఆ నకళ్ల కట్టలు పెట్టడానికి చోటు లేక రెండు బల్లలు ఖాళీ చేయించారు. ఆ బల్లల మీది సామాను మెట్ల మీదికి చేరింది. మెట్లెక్కే జనం సామాను ఎక్కి దిగడం రెండు రోజుల్లోనే అలవాటు చేసుకున్నారు. పథకం ఆ విధంగా దిగ్విజయంగా మొదలైంది.

ఈ కార్యాలయం సంగతి తెలియనివారి కోసం ఒక మాట. ఊళ్లో ఏ ఆఫీసుకి ఏ గది ఇవ్వాలి, ఆ గదిలో ఎన్ని కుర్చీలు వెయ్యాలి, ఏ బల్ల ఏ గోడకి ఆనించాలి అన్నది నిర్ణయించేది వీళ్లే. స్థలం గురించి వీళ్లకి తెలిసినంత మరొకరికి తెలియదు. తనకి అదనంగా ఒక గది కావాలని ఈ కార్యాలయం కూడా ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తును పరిశీలించవలసినది ఈ కార్యాలయమే. పరిశీలిద్దామంటే అది ఎక్కడుందో దొరకడం లేదు. దొరికిన మరుక్షణం పరిశీలిస్తారు, అందులో సందేహం లేదు.

పథకం పేరు "నిర్మల కార్యాలయం, నిర్మల గృహం". డైరెక్టరుగారు ఎక్కడో ఒక శిక్షణ శిబిరానికి వెళ్లి, సామాను తగ్గించుకోవడం ఎలాగో నేర్చుకుని, ఆ శిబిరంలో ఇచ్చిన పుస్తకాలూ సంచులూ మంచినీళ్ల సీసాలూ రెండు పెట్టెల నిండా వెంట తెచ్చుకున్నారు. సిబ్బందినందరినీ పిలిచారు. వేదిక వెయ్యడానికి జాగా లేదు కనక పాత కాగితాల కట్టల మీద నిలబడి ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! ఏడాది పాటు చెయ్యి పడని వస్తువు మనది కాదు. అది మన నెత్తిన బరువు. చెయ్యి పడిన వస్తువే మనది! ఈ ఒక్క సూత్రం చాలు, మన జీవితాలు తేలికపడతాయి. ఎవరి బల్లా, ఎవరి ఇల్లూ అద్దంలా మెరుస్తాయో వారికి ఘనమైన ఫలకం ఇస్తాం. అంతే కాదు. ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు పదవి కూడా వారిదే!"

చప్పట్లు మోగాయి. చప్పట్లకి కట్టలు కదిలి డైరెక్టరుగారు ఒక అడుగు కిందికి దిగారు కానీ, దాన్ని ఆయన వినయానికి గుర్తుగా అందరూ స్వీకరించారు.

సూత్రాన్ని సిబ్బంది అక్షరాలా పాటించారు. మర్నాటి నుంచీ ఉదయం రాగానే ప్రతివారూ తమ చుట్టూ ఉన్న ప్రతి వస్తువు మీదా ఒకసారి చెయ్యి వేయడం మొదలుపెట్టారు. తుప్పు పట్టిన పంచింగు మిషను మీద, సిరా ఎండిన సీసాల మీద, పూర్వపు డైరెక్టరుగారి గొడుగు మీద, ఎవరివో తెలియని చెప్పుల మీద. ఎవరూ తాకని వస్తువు ఒక్కటి కూడా మిగలకూడదని నియమం పెట్టుకున్నారు. దీనికి మధ్యాహ్నం దాకా పట్టేది. తర్వాత భోజనం. తర్వాత అలసట. "మన ఆఫీసులో చెయ్యి పడని వస్తువు ఒక్కటీ లేదు సార్" అని నివేదిక వెళ్లింది. డైరెక్టరుగారు అమితంగా సంతోషించారు. తమ దగ్గర పనికిరానిది ఏదీ లేదని తేలినందుకు ఎవరికి మాత్రం సంతోషం కలగదు?

ఇప్పుడు పెద్ద గుమాస్తాగారి సంగతి.

పెద్ద గుమాస్తాగారు మంచి మనిషి. నోట్లో నాలుక లేని మనిషి అనేవారు కానీ, ఉన్నది ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయారని ఆయన భార్య అనేది. ఆయనకి సూపరింటెండెంటు పదవి మీద ఆశ. అది జీతం ఆశా కాదు, హోదా ఆశా కాదు. సూపరింటెండెంటుకి విడిగా ఒక గది ఉంది. ఆ గదికి తలుపుంది. తలుపుకి తాళముంది. లోపల గోడల నిండా అల్మారాలున్నాయని వినికిడి. అది చేతికొస్తే ఇంట్లో ఉన్న సామానంతా అక్కడికి చేరవేయవచ్చు. సామాను తగ్గించినందుకు ఇచ్చే పదవిని సామాను పెట్టుకోవడానికి కోరుకున్న మొదటి మనిషి ఆయన కాదు, ఆఖరి మనిషీ కాదు.

దీనికంతటికీ మూలం ఒక కుర్చీ.

ఆ ఇంట్లో కుర్చీలు లేక కాదు. నాలుగున్నాయి. మొదటి దాని మీద పాత పేపర్లు. రెండో దాని మీద మడతపెట్టిన ప్లాస్టిక్ సంచులు, వాటిలో మరిన్ని ప్లాస్టిక్ సంచులు. మూడో కుర్చీకి కాలు లేదు. నాలుగోది ఉన్నదే మూడోది పడిపోకుండా ఆనించడానికి. అందుచేత ఇంటి ఇల్లాలు పెళ్లయిన దగ్గర్నుంచీ టీ నిలబడే తాగుతోంది. వంటింటి గుమ్మానికి భుజం ఆనించి, ఒక కాలు మీద బరువు వేసి, ఆ కాలు నొప్పి పుడితే ఇంకో కాలు మీదికి మార్చి. సగం తాగేసరికి ఎవరో పిలుస్తారు, తిరిగొచ్చేసరికి చల్లారిపోతుంది. ఆవిడకి కాళ్లు నొప్పే, కానీ అంతకంటే ఎక్కువగా మనసు నొప్పి. ఇంత ఇంట్లో తను ఒక్కతె కూర్చునే జాగా లేకపోవడం ఆవిడకి ఏడుపు తెప్పించే సంగతి.

"ఏమండీ, నాకు నగలొద్దు, షికార్లొద్దు. ఆ కిటికీ పక్కన ఒక్క కుర్చీ వేసుకుని, వేడివేడిగా ఓ కప్పు టీ తాగాలని ఉంది. అంతే" అంది ఒకనాడు.

"అదెంత పని! ఈ ఆదివారమే సర్దేస్తాను."

"పిల్లాడు పుట్టకముందు నుంచీ అదే ఆదివారం అంటున్నారు. వాడు హాస్టల్‌కి కూడా వెళ్లిపోయాడు. వాడి ఉయ్యాల ఇంకా ఇక్కడే ఉంది."

నిజమే. ఉయ్యాలలో పాత దుప్పట్లున్నాయి. పిల్లాడు సెలవులకి కూడా రాడు. హాస్టల్లో తనకంటూ ఒక మంచం ఉందనీ, దాని మీద పడుకోవచ్చనీ స్నేహితులతో గొప్పగా చెప్పుకుంటాడట.

"ఈసారి ఆదివారం కాదు. సూపరింటెండెంటు గది వస్తుంది చూడు. అన్నీ అక్కడికి పంపేస్తాను. కిటికీ నీది, కుర్చీ నీది. ఒట్టు!" అన్నారు పెద్ద గుమాస్తాగారు. భార్య మొహంలోకి చూసి, ఈసారి మాట నిలబెట్టుకోవాలని నిజంగానే అనుకున్నారు.

పక్క గదిలోంచి వాళ్లమ్మగారు గొంతు విప్పింది. "ఏం పంపేస్తావురా? ఏది పంపేస్తావు? పారేసిన మర్నాడే దాని అవసరం వస్తుంది, రాసిపెట్టుకో!"

పెద్దావిడ సిద్ధాంతం అది. మూతలు పోయిన డబ్బాలూ డబ్బాలు పోయిన మూతలూ వేరువేరుగా దాచింది. ఏనాటికైనా కలుస్తాయని ఆశ. తాళాలు పోయిన తాళంచెవులు గుత్తిగా కట్టింది. గుడ్డ ఊడిన గొడుగులు, గొంతు పోయిన రేడియో, అడుగు కాలిన గిన్నెలు, ఒక చేతి తొడుగు. ఇరుగుపొరుగు ఆవిడకి "పనికొస్తుందమ్మ" అని పేరు పెట్టారు. ఆవిడ తిట్టనుకోలేదు, బిరుదనుకుంది. కొడుకు నోట డైరెక్టరుగారి సూత్రం విన్నాక ఆవిడ కూడా పొద్దున్నే లేచి సామానంతా నిమిరి రావడం మొదలుపెట్టింది. "మీ డైరెక్టరు బుద్ధిమంతుడురా. పెద్దలంటే గౌరవమున్నవాడు" అని మెచ్చుకుంది.

ఇక్కడ ఈ ఆఫీసు వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఎక్కడా రాసిలేదు, అయినా ఎవరూ తప్పరు. ఎవరింటికైనా చుట్టాలొస్తున్నారంటే ఇంట్లో అడ్డంగా ఉన్నదంతా టెంపోకెక్కించి ఆఫీసుకి పంపేస్తారు. "పరిశీలనార్థం వచ్చిన నమూనాలు" అని చీటీ అంటించి ఒక మూల పెడతారు. ఆఫీసుకి తనిఖీ వస్తోందంటే అక్కడ అడ్డంగా ఉన్నదంతా టెంపోకెక్కించి ఇళ్లకి పంపేస్తారు. చుట్టాలకి శుభ్రమైన ఇల్లు కనిపిస్తుంది, తనిఖీ వాళ్లకి శుభ్రమైన ఆఫీసు కనిపిస్తుంది. సామాను వియ్యాలవారిలా అటూ ఇటూ తిరుగుతూ, రెండు చోట్లా మర్యాదలు అందుకుంటూ ఉంటుంది. చుట్టాలూ తనిఖీలూ ఒకే రోజున పడకుండా చూసే బాధ్యత పెద్ద గుమాస్తాగారిది. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ పొరబడలేదు. ఆఫీసులో ఆయనకున్న గౌరవమంతా ఆ ఒక్క నేర్పు వల్లనే.

అలాంటి మనిషి కూడా పప్పులో కాలేశారు.

డైరెక్టరుగారు ఒక సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి అందరినీ ఆపారు. "కాలం కూడా సామానే. దాన్ని కూడా తగ్గించుకోవాలి. అందుచేత కార్యాలయ తనిఖీ, గృహ తనిఖీ రెండూ రేపు పొద్దున్నే, ఒకేసారి!" అని ప్రకటించి కారెక్కి వెళ్లిపోయారు.

పెద్ద గుమాస్తాగారు అలవాటు కొద్దీ ఇంటికి ఫోన్ చేశారు. "రేపు ఇంటికి పెద్దవాళ్లొస్తున్నారు. పొద్దున్నే సామానంతా ఆఫీసుకి పంపెయ్." తర్వాత అలవాటు కొద్దీ బంట్రోతుని పిలిచారు. "రేపు ఆఫీసుకి తనిఖీ. పొద్దున్నే సామానంతా మా ఇంటికి పంపెయ్." రెండు పనులూ చక్కబెట్టినందుకు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆఫీసులో మిగతా వాళ్లందరూ కూడా సరిగ్గా అదే ఊపిరి పీల్చుకున్నారు.

పొద్దున్న ఊళ్లో ఉన్న టెంపోలన్నీ బయల్దేరాయి. సగం ఇళ్ల నుంచి ఆఫీసుకి, సగం ఆఫీసు నుంచి ఇళ్లకి. గడియారం కూడలిలో కలుసుకున్నాయి. ఉయ్యాలలు, పరుపులు, పనిచేయని ఫ్యాన్లు ఒక పక్క. కట్టలు, బీరువాలు, పూర్వపు డైరెక్టరుగారి నిలువెత్తు ఫోటో ఇంకో పక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇటువాళ్లు ఇటు పోదామంటే ఆఫీసులో తనిఖీ సంఘం కూర్చుని ఉంది. అటువాళ్లు అటు పోదామంటే ఇళ్ల ముందు ఇంకో సంఘం నిలబడి ఉంది.

పెద్ద గుమాస్తాగారు కాలుగాలిన పిల్లిలా కూడలికి పరుగెత్తారు. ఆయన ఇంటి టెంపో మీద, అన్నిటికంటే పైన, ట్రంకుపెట్టె మీద వాళ్లమ్మగారు కూర్చుని ఉంది. సామానుని ఒంటరిగా పంపడానికి ఆవిడ ఒప్పుకోలేదట.

"ఇదేమిటమ్మా!"

"నువ్వు నీ పని చూసుకోరా. నాకు గాలి బాగా తగులుతోంది" అంది ఆవిడ, గుడ్డ లేని గొడుగు పట్టుకుని.

టెంపో డ్రైవరు విసుక్కున్నాడు. "అయ్యా, ఇంటికంటే ఆఫీసుకంటారు, ఆఫీసుకంటే ఇంటికంటారు. చివరికెక్కడికి పోనివ్వమంటారు?"

"పోనీ మీ ఇంటికి తీసుకుపో."

"మా ఇల్లెక్కడ ఖాళీ? పోయినసారి తనిఖీకి మీవాళ్లు దింపిన సామానే ఇంకా ఉంది. నేను ఈ బండిలోనే పడుకుంటున్నా."

పెద్ద గుమాస్తాగారి తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ఆయనకి, జీవితమంతా సామాను నడిపిన అనుభవంతో, మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆగితేనే కదా సామాను కనపడేది! "ఆపకండి. ఎవరూ ఎక్కడా ఆపకండి. తిరుగుతూనే ఉండండి!" అని అరిచారు. టెంపోలన్నీ గడియారం చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ట్రాఫిక్ పోలీసు ఆ బారు చూసి, పూర్వపు డైరెక్టరుగారి నిలువెత్తు ఫోటో చూసి, ఎవరో మహనీయుడి ఊరేగింపనుకుని టోపీ తీసి, మిగతా బళ్లను ఆపి దారిచ్చాడు. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. పెద్దావిడ అందరికీ చెయ్యి ఊపింది. ఒకాయన దండం పెడితే, ఏదో ఒకటి ఇవ్వాలి కనక, ఒక డబ్బా మూత విసిరింది. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు.

ఆ పూట ఆ ఊళ్లో ఏ ఇంట్లోనూ ఏ ఆఫీసులోనూ అనవసరమైన వస్తువు ఒక్కటి కూడా లేదు. కావాలంటే తనిఖీ సంఘాల నివేదికలు చూసుకోవచ్చు.

డైరెక్టరుగారు, వెంట సంఘం సభ్యులు, వారి ముందు దారి చూపిస్తూ పెద్ద గుమాస్తాగారు ఇంటికి బయల్దేరారు. వీధిలోకి తిరిగారు. పెద్ద గుమాస్తాగారు ఒక తలుపు ముందు ఆగి, లోపలికి తొంగిచూసి, "క్షమించాలి, ఇల్లు పొరబడ్డాను" అని వెనక్కి తిరిగారు. పక్క తలుపు దగ్గరికి వెళ్లారు. అక్కడివాళ్లు కాదన్నారు. మళ్లీ మొదటి తలుపుకే వచ్చారు. తలుపు పక్కన గోడ మీద పిల్లాడు చిన్నప్పుడు బొగ్గుతో గీసిన పిల్లి బొమ్మ చూసి, తమ ఇల్లే అని నిర్ధారించుకున్నారు.

లోపల నేల కనిపించింది. నేల మీద పువ్వుల రాళ్లున్నాయి. ఆయన ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటున్నారు కానీ నేల మీద పువ్వులున్నాయని ఆ పొద్దే తెలిసింది. గోడలు లేత పసుపట. మాట్లాడితే మాట గుండ్రంగా తిరిగి వస్తోంది. ఎదురుగా కిటికీ తీసి ఉంది. కిటికీలోంచి ఎండ, ఎండలో ఒక కుర్చీ, కుర్చీలో ఆయన భార్య.

ఆ కుర్చీ నాలుగోది. మూడోది టెంపో ఎక్కగానే దీనికి ఊపిరాడింది. దీన్ని కూడా ఎత్తబోతే ఇల్లాలు గభాలున కూర్చుని, "మనిషి కూర్చున్న కుర్చీ ఎలా ఎత్తుతారయ్యా!" అందట. అలా మిగిలింది. ఆవిడ చేతిలో టీ కప్పుంది. కప్పులోంచి పొగలు వస్తున్నాయి. ఇంతమంది వచ్చినా ఆవిడ లేవలేదు. లేవాలని తోచలేదు. పెద్ద గుమాస్తాగారు ఆవిడ మొహం చూశారు. పెళ్లినాడు కూడా ఆవిడ ఇంత హాయిగా కనిపించలేదు. పెళ్లినాడు కూడా, గుర్తు చేసుకుంటే, నిలబడే ఉంది.

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక గది! ఒక కిటికీ! ఒక కుర్చీ! ఒక మనిషి! ఒక కప్పు!" అన్నారు. "అమ్మా, ఈ ఇంట్లోంచి ఇంకా తీసేయదగినది ఏమైనా ఉందా?"

ఆవిడ ఆలోచించింది. భర్త వంక ఒకసారి చూసింది. పెద్ద గుమాస్తాగారు డైరెక్టరుగారి వెనక్కి జరిగారు.

"ఏమీ తీసేయక్కర్లేదండీ. ఇంకేమీ తేకుండా ఉంటే చాలు" అంది.

ఆ మాటని సభ్యులందరూ రాసుకున్నారు. రాసుకోవడానికి తెచ్చిన కాగితాల కట్టలు పట్టలేక ఒక సభ్యుడు అక్కడే నేల మీద పెట్టబోతే ఆవిడ చూసిన చూపుకి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

పోటీ తీవ్రంగానే జరిగింది. అందరి ఇళ్లూ ఖాళీగానే ఉన్నాయి. క్యాషియర్ ఇల్లయితే మరీ నిర్మలంగా ఉంది. ఆయన సామానుతో పాటు తలుపులు, కుటుంబం కూడా టెంపోకెక్కించాడు. అయితే సంఘం దాన్ని ఇల్లుగా గుర్తించలేదు. ఇల్లన్నాక కనీసం ఒక మనిషి కూర్చుని ఉండాలి అని తీర్మానించింది. అలా కూర్చున్న మనిషి ఊరంతటికీ ఒక్క చోటే కనిపించింది. ప్రథమ బహుమతి పెద్ద గుమాస్తాగారికి ఏకగ్రీవంగా దక్కింది.

సాయంత్రానికి టెంపోలు ఆగాయి. తిరిగి తిరిగి డ్రైవర్లకి తల తిరిగి, ఎవరి సామాను ఎవరిదో, ఏది ఇంటిదో ఏది ఆఫీసుదో పోల్చుకోలేక, దొరికిన తలుపు ముందు దొరికినది దింపేశారు. పెద్ద గుమాస్తాగారింటికి ఆఫీసు కట్టలూ, తన సామానులో సగమూ, క్యాషియర్ గారి తలుపులూ వచ్చాయి. పెద్దావిడ కట్టల్ని నిమిరి చూసి, "పనికొస్తాయిరా, ఉండనీ" అంది. ఆఫీసుకి అడుగు కాలిన గిన్నెలు వెళ్లాయి. అక్కడి సిబ్బంది వాటికి సంఖ్యలు వేసి, పై అధికారుల పరిశీలనకు పంపారు. ఒక గిన్నెకి గది కూడా మంజూరైనట్టు తెలిసింది.

అయినా పెద్ద గుమాస్తాగారు దిగులుపడలేదు. భార్య మళ్లీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడడం చూసి, "నాలుగు రోజులు ఓపిక పట్టు. గది చేతికి రానీ" అన్నారు. కిటికీ పక్క జాగా మాత్రం ఆవిడ వదలలేదు. దింపిన సామాను అటు రాకుండా చీపురు అడ్డం పెట్టి కాపలా కాసింది. కుర్చీ అక్కడే ఉంది. పని తెమిలిన పూట ఒక్క క్షణం కూర్చుని లేచేది. చాలు అనుకునేది.

సన్మాన సభ ఘనంగా జరిగింది. డైరెక్టరుగారు ఈసారి గిన్నెల మీద నిలబడి మాట్లాడారు. "ఈ మహనీయుడు మనకి ఏం నేర్పాడు? ఖాళీని నేర్పాడు! ఖాళీలోనే నిండుతనం ఉందని నేర్పాడు! ఆ ఖాళీకి గుర్తుగా ఈ ఫలకం!"

ఫలకం మీది గుడ్డ తీశారు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. వేయకపోతే పట్టదు. మనిషెత్తు కంటే ఒక మూరెడు ఎత్తు, నల్ల చెక్క, చుట్టూ గాజు పెట్టె, కింద రాతి పీఠం. సహోద్యోగులు కూడా ఊరికే రాలేదు. తలా ఒక గోడ గడియారం తెచ్చారు. అవన్నీ వాళ్లకి వేరే సభల్లో వచ్చినవే. పెద్ద గుమాస్తాగారు అన్నిటినీ వినయంగా స్వీకరించి, సూపరింటెండెంటు గది తాళంచెవి అందుకుని, ఆ క్షణం కోసమే బతికినట్టుగా గది దగ్గరికి నడిచారు.

తాళం తీశారు. తలుపు నెట్టారు. తలుపు నాలుగు వేళ్లు దూరేంత తెరుచుకుని ఆగింది. భుజం పెట్టి నెట్టారు. లోపల ఏదో కూలిన చప్పుడై, ఆ నాలుగు వేళ్ల సందు రెండు వేళ్లయింది. ఆ పదవి అన్నేళ్లు ఖాళీగా ఎందుకుందో ఆయనకి అప్పుడు బోధపడింది. పదవి ఖాళీ, గది కాదు. ఎవరికి ఏది ఎక్కడ పెట్టాలో తోచకపోయినా ఆ గదిలోనే పెట్టేవారు. పాత సూపరింటెండెంటు కూడా ఉద్యోగ విరమణ రోజు వరకూ వరండాలో స్టూలు మీదే పనిచేశాడట. ఆ స్టూలు కొత్త సూపరింటెండెంటుగారికి ఘనంగా అప్పగించారు. తనకే దూర సందు లేదు, మెడకో డోలు అంటే ఏమిటో ఇన్నాళ్లకి ఆయనకి అనుభవమైంది. బయట పల్లకీ మోత సంగతి అలా ఉంచితే, ఇంట్లో ఈగల మోత అప్పుడే మొదలవబోతోంది.

ఫలకం ఇంటికి వచ్చింది. గుమ్మంలో పట్టలేదు. కిటికీ చువ్వలు తీయించి అటు నుంచి దింపారు. దింపిన చోటే నిలబెట్టారు, ఎందుకంటే నిబంధన అది. "ఫలకమును వెలుతురు పడు స్థలమున, గాలి తగులునట్లు ఉంచవలెను. కదిలించరాదు. నెలనెలా తనిఖీ ఉండును." ఆ ఇంట్లో వెలుతురూ గాలీ ఉన్న జాగా ఒక్కటే. కుర్చీ తీసి మళ్లీ మూడో కుర్చీకి ఆనించారు. గోడ గడియారాలు ఉయ్యాలలోకి చేరాయి. అవన్నీ తలా ఒక టైము చూపిస్తూ, ఒకదాని తర్వాత ఒకటి గంటలు కొట్టడం మొదలుపెట్టాయి.

"ఏమే, నన్ను తిట్టుకుంటున్నావా?" అన్నారు పెద్ద గుమాస్తాగారు తల దించుకుని.

ఇల్లాలు తిట్టలేదు. టీ కప్పు పట్టుకుని, ఒక కాలు మీద బరువు వేసి, గాజు పెట్టెలోకి చూస్తోంది. నల్ల చెక్క మీద ఇత్తడితో ఒక బొమ్మ చేయించారు సంఘం వాళ్లు. చాలా శ్రద్ధగా చేయించారు. ఖాళీ గది. తీసి ఉన్న కిటికీ. కిటికీ పక్కన కుర్చీ. కుర్చీలో ఒక ఆడమనిషి, చేతిలో కప్పు. కప్పులోంచి పొగలు వస్తున్నట్టు సన్నని తీగ కూడా అతికించారు.

"ఎవరండీ ఈవిడ? ఎంత అదృష్టవంతురాలో! ఎంత హాయిగా కూర్చుందో!" అంది ఇల్లాలు.

వంటింట్లోంచి ఎవరో పిలిచినట్టయి వెళ్లింది. తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోయింది.

పాఠకులు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి, నవ్వితే ఆరోగ్యం. ఇలాంటి ఇల్లు మాది కాదు అనుకుంటున్నారని కూడా తెలుసు. మరి ఇది చదవడానికి కూర్చునే ముందు కుర్చీ మీదున్న బట్టల కుప్ప తీసి మంచం మీద పడేసింది ఎవరు? నిద్రపోయే వేళకి అదే కుప్పని మంచం మీంచి తీసి మళ్లీ కుర్చీ మీద పడేయబోయేది ఎవరు? మీ ఇంట్లో కూడా టెంపో తిరుగుతూనే ఉంది, చప్పుడు వినపడదు, అంతే. తనిఖీకి ఎవరూ రారు కనక మీకా బెంగ అక్కర్లేదు. ఒక్కసారి తలెత్తి, గుమ్మానికి భుజం ఆనించి ఎవరు నిలబడి టీ తాగుతున్నారో మాత్రం చూడండి.